మా అత్తమ్మ కట్టు చారు

ఒక ఏడాది కాలం మా ఇంట్లో తెల్లవారితే వినబడే మొదటి మాట "అయిందా?" అనేదే. అడిగేవాళ్ళం ఇద్దరం, నేనూ మా అత్తమ్మా. జవాబు చెప్పాల్సినవాడు మా ఆయన. బాత్రూం తలుపు తీసుకుని బయటికి వచ్చే మనిషి మొహం చూస్తేనే సంగతి తెలిసిపోయేది. అయినా నోరు ఊరుకునేది కాదు. అయిందంటే మా అత్తమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేది. కాలేదంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు.

ఒకనాడు ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. "పంచాయతి మైకుల చెప్పిద్దామానే? ఊరందరికి తెలుస్తది," అన్నాడు.

"చెప్పియ్యి. ఇంటిపన్ను కడుతున్నం గద, గామాత్రం చెయ్యరా?" అన్నాను.

ఆయన నవ్వాడు. నవ్వేసరికి కడుపులో నొప్పి లేచి, మళ్ళీ మంచం మీద ముడుచుకుని పడుకున్నాడు.

మాది మర్రిగూడ దగ్గర ఒక పల్లె. నేను అంగన్‌వాడీలో చేస్తాను. పిల్లలకు అన్నం పెట్టడం, పాటలు చెప్పడం, బరువులు తూచడం నా పని. మా ఆయనది వ్యవసాయం. వాన పడితే పత్తి, పత్తి సాళ్ళ నడుమ కంది. పడకపోతే మొగులు వైపు చూస్తూ కూర్చోవడం. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉంటారు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. ఆయనకు బీపీ ఉందని తెలిసేనాటికే కిడ్నీలు చాలావరకు చెడిపోయాయి. పాదాలు వాస్తుండేవి, నడుము పట్టేసేది. మా వైపు కీళ్ళు పట్టేయడం, కాళ్ళు వంకర పోవడం కొత్త సంగతి కాదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఒళ్ళు, ఇంతేలే అనుకున్నాం. వాపు మొహానికి ఎక్కిన తర్వాత గానీ నల్లగొండ పోలేదు.

అక్కడి కిడ్నీ డాక్టరు నిదానంగా చెప్పాడు. చెడిపోయింది తిరిగి రాదు. కానీ మందులు తప్పకుండా వేసుకుని, తిండి జాగ్రత్తగా నడిపించుకుంటే మిషన్‌ను ఇంకా కొన్నేళ్ళు దూరం పెట్టవచ్చు. మిషన్ అంటే డయాలసిస్. వారానికి మూడుసార్లు నల్లగొండ పోయి, ఒంట్లోని నెత్తురంతా బయటికి తీసి కడిగించుకుని, మళ్ళీ ఎక్కించుకుని రావాలి. పోయిన రోజు పోయిందే, మర్నాడు లేవలేరు. మా ఆయనకు చావంటే అంత భయం లేదు. ఆ మిషనంటే ఉంది. బస్సులో ఇంటికి వస్తూ ఒకటే మాట అన్నాడు. "మిషనెక్కిన్నాడు నేను రైతును గాదే. పేషంటును."

సరే అనుకున్నాను. మిషన్ ఎక్కనీయకూడదు. ఇక నాకు వేరే పని లేదు, వేరే ఆలోచన లేదు.

డాక్టరు చెప్పినవాటిలో మా చెవిలో బాగా నాటుకున్న మాట పొటాషియం. అది నెత్తురులో పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చన్నాడు. ఆ రోజు నుంచి మా వంటింట్లోని సామానంతా ముద్దాయి అయిపోయింది. ఆకుకూరల్లో ఉంటుందట, బంద్. పప్పులో ఉంటుందట, బంద్. టమాట, ఆలుగడ్డ, అరటిపండు, కొబ్బరినీళ్ళు బంద్. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషీ తనకు తెలిసింది ఒకటి కలిపి పోయేవాడు. జొన్నరొట్టె వేడి అన్నారొకరు, వంకాయ దురద అన్నారొకరు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, మేం అన్నీ విన్నాం. చివరికి ఆయన కంచంలో మిగిలింది తెల్లన్నం, పల్చటి మజ్జిగ. చేనంతా కంది పండించే మనిషి ఇంట్లో కందిపప్పు వాసన లేకుండా పోయింది.

అప్పుడు మొదలైంది ఈ "అయిందా" పురాణం. కడుపు రాయిలా గట్టిపడేది. నాలుగైదు రోజులు కదిలేది కాదు. ఒళ్ళంతా దురద, నోరంతా అదో వాసన, అన్నం చూస్తే వాంతి. నీళ్ళన్నా తాగమందామంటే నీళ్ళకూ కొలత పెట్టారు. మా అత్తమ్మ ఆముదం పట్టించింది. ఒకరోజంతా బాత్రూం చుట్టూ తిరిగాడు, తర్వాత మళ్ళీ అదే బిగింపు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది మా పని. వీటన్నిటి మీద, నెల తిరిగి పరీక్ష చేయిస్తే పొటాషియం పెరిగే ఉంది.

నాకు ఒళ్ళు మండింది. "సార్, తిన్నదేమన్న ఉంటే గద పెరగనీకి? గాలి తిని పెరుగుతదా?" అని డాక్టరునే అడిగేశాను. ఆయన నవ్వి, పక్క గదిలో తిండి గురించి చెప్పే మేడం దగ్గరికి పంపాడు.

ఆమె ఏం తింటున్నాడని అడగలేదు. "దొడ్డికి రోజు పోతున్నడా?" అని అడిగింది. మా ఆయన తల దించుకున్నాడు. నేను చెప్పాను.

"అట్ల చెప్పక్కా," అంది. "మంచిగున్నోళ్ళకు పొటాషియం ఎక్కువ కిడ్నీలే బయట పడేస్తయి. కిడ్నీలు అలిసిపోయినంక, ఆ పని కొంత పేగు మీదేసుకుంటది. నువ్వు పేగును గూడ మూసేసినవు. అదెటు పోవాలె?"

పేగు నడవాలంటే పీచు కావాలని చెప్పింది. పీచు లేకపోతే పేగులో మేలు చేసే క్రిములు మాడిపోతాయట, కీడు చేసేవి పెరిగి తిన్నదాన్ని కుళ్ళబెడతాయట. ఆ కుళ్ళు నెత్తురులో కలిస్తే కడిగే శక్తి ఈయన కిడ్నీలకు లేదు. దురద, నోటి వాసన, ఆకలి లేకపోవడం వీటన్నిటిలో దానికీ పాలుందని అంది. కాబట్టి కూరగాయలు మానొద్దు. బీరకాయ, సొరకాయ, కాకరకాయ, క్యాబేజీ తినాలి. తినే ముందు సన్నగా తరిగి, నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు వంచి, మళ్ళీ మంచి నీళ్ళు నిండా పోసి ఉడికించి, ఆ ఉడికిన నీళ్ళు కూడా పారబోయాలి. పొటాషియం చాలావరకు నీళ్ళలోకి దిగిపోతుంది, పీచు కూరలోనే ఉంటుంది. ఆకుకూర కూడా ఎప్పుడన్నా ఇలాగే ఉడికించి కొంచెం పెట్టొచ్చు. పొద్దున ఒక జొన్నరొట్టె. ఒక యాపిల్ ముక్క. పప్పు కూడా ఇంత అని కొలిచి.

"జొన్నరొట్టె తినొచ్చా మేడం?" అని మా ఆయన చిన్నపిల్లాడిలా అడిగాడు. ఆ గొంతు విని నాకు జాలి వేయాల్సింది. వేయలేదు. రొట్టె దేనితో తింటాడు, పొద్దున పని ఎలా సర్దుకోవాలి అని లెక్క వేసుకుంటున్నాను. అప్పటికే నాలో ఏదో మొద్దుబారడం మొదలైంది.

ఇంటికి వచ్చి మా అత్తమ్మకు అప్పజెప్పాను. నేను పొద్దున్నే సెంటర్‌కి పోతాను, మధ్యాహ్నం దాటాక వస్తాను. మధ్యాహ్నం వంట ఆమెది. తల్లీ కొడుకులే కూర్చుని తినేవాళ్ళు. అందుకని ఒకటికి రెండుసార్లు ఎదురుగా నిలబడి చేసి చూపించాను. సొరకాయ తరిగి, నానబెట్టి, ఉడికించి, నీళ్ళు వంచి దొడ్లో పారబోశాను.

ఆమె "అయ్యో" అంది. నోట్లోంచి ఆ మాట దానంతట అదే వచ్చింది.

ఆ అయ్యో ఎక్కడిదో నాకు తెలుసు. మా అత్తమ్మ ఈ ఊరికి కోడలుగా వచ్చిననాడు మంచినీళ్ళు అంటే పక్క ఊరి బావి నుంచి నెత్తి మీద మోసుకొచ్చేవే. ఊళ్ళో బోర్లున్నాయి కానీ ఆ నీళ్ళు తాగితే ఎముకలు బిగుసుకుపోయేవి. మోసుకొచ్చిన నీళ్ళు చాలనినాడు ఆమె కూడా అవే తాగింది. ఇప్పుడు ఆమె మెడ తిరగదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. మోకాళ్ళు వంగవు, పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చునే వంట. రాష్ట్రం వచ్చాక ఇంటి ముందుకు కృష్ణ నీళ్ళ నల్లా వచ్చింది, అయినా ఆ చెయ్యి మారలేదు. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు, కూరగాయలు కడిగినవి మొక్కకు. మంచినీళ్ళను ఉత్తగా నేల మీద పోసేవాళ్ళు ఆమె దృష్టిలో మనుషులే కారు.

"అత్తా, మళ్ళ చెప్తున్న. ఈ ఉడికిన నీళ్ళు నీ కొడుకు కూరల చుక్క గూడ ఉండొద్దు. ఉంటే గుండెకు దెబ్బ," అన్నాను.

"ఉండయి తియ్యి బిడ్డా. పిండి పిండి తీస్త," అంది.

అన్నట్టే చేసింది. కూర నేను రాత్రి తినేదాన్ని కదా, పిప్పిలా ఉండేది, చుక్క నీరు లేదు. నెల తిరక్కుండానే ఆయన కడుపు దారిలో పడింది. మొదటిసారి ఇబ్బంది లేకుండా అయిననాడు ఆయన బాత్రూంలోంచే కేకేశాడు. మా అత్తమ్మ మంచం పట్టుకుని లేచి నిలబడి ఏడ్చింది. నేను రొట్టె కాలుస్తున్నాను, రొట్టె మాడుతుందని లేవలేదు. దురద తగ్గింది. అన్నం అడిగి తిన్నాడు. పొటాషియం దిగింది. డాక్టరు, "ఇట్లనే నడిపియ్యమ్మా, మిషన్ ఇప్పట్ల అవసరం రాదు," అన్నాడు. ఆయన ఆ ఏడు కంది తానే విత్తాడు.

చలికాలం వచ్చాక మళ్ళీ పెరిగింది. మొదట కొంచెం, తర్వాత ఇంకొంచెం. నాకు అర్థం కాలేదు. కడుపు బాగానే నడుస్తోంది, కూర ఉడికించే వండుతున్నాం, మందులు తప్పలేదు. మరి ఎక్కడి నుంచి? యాపిల్ ముక్క మాన్పించాను. రొట్టె సగం చేశాను. ఉప్పు డబ్బా నా బీరువాలో పెట్టుకున్నాను. ఇక మిగిలింది ఆయనే. చేను దగ్గర పచ్చి కందికాయ ఉడకేసుకుని తింటున్నాడని అనుమానం వచ్చి, ఒక ఆదివారం చెప్పకుండా చేనుకు పోయాను. గట్టు మీద కూర్చుని ఉన్నాడు. జేబులు చూపించమన్నాను.

"పోలీసుల చేరినవానే?" అన్నాడు.

"చేరుత. నీ అసొంటోళ్ళ కోసమే," అన్నాను. జేబుల్లో బీపీ గోలీల పట్టీ, దస్తీ తప్ప ఏం లేవు. "ఏం తింటున్నవో చెప్పు. నా మీదొట్టు," అన్నాను.

"నువ్వు పెట్టిందే తింటున్న," అన్నాడు. కళ్ళు మాత్రం కంది చేను వైపు పెట్టుకున్నాడు.

నేను అక్కడే గట్టిగా అరిచాను. నా బతుకంతా నీ కంచం చుట్టే తిరుగుతోంది, నీకు చీమ కుట్టినట్టు కూడా లేదని అరిచాను. ఆయన అంతా విని, "అయిపాయెనా? పా ఇంటికి," అని లేచాడు. అలా కాకుండా తిరిగి కొట్లాడితే బాగుండు అనిపించేది నాకు. కొట్లాడేవాడు కాదు.

ఆ తర్వాత నేను అరవడం కూడా మానేశాను. కోపం తగ్గి కాదు. అది వచ్చేది, కానీ ఎక్కడో పక్కింట్లో ఎవరిదో కోపం వినబడినట్టుండేది. సెంటర్‌లో పిల్లల బరువు తూచి రాసేదాన్ని, గుడ్లు ఒలిచి పెట్టేదాన్ని, పాట పాడమంటే పాడేదాన్ని. ఇంటికొచ్చి ఆయన పాదం మీద వేలితో నొక్కి గుంట పడుతుందో లేదో చూసేదాన్ని. పడినా పడకపోయినా నా మొహంలో తేడా ఉండేది కాదని ఆయనే ఒకసారి అన్నాడు.

సంక్రాంతి దాటాక మా ఆడబిడ్డ కూతురికి చేయి విరిగిందని మా అత్తమ్మ నకిరేకల్ పోయింది. ఆమె పొద్దున పోయింది. నేను సెంటర్‌కి పోతూ, మధ్యాహ్నానికి కూర చేసి మూత పెట్టి పోయాను. మర్నాడూ అంతే. ఆ రెండో నాడు సాయంత్రం ఇంటికి వస్తే ఆయన గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. లేవమంటే లేవలేదు.

"కాళ్ళు నావి గావనిపిస్తున్నయే," అన్నాడు. మామూలుగానే అన్నాడు, వాన పడేట్టుంది అన్నట్టు.

తర్వాత అంతా తొందరగా జరిగింది. అంబులెన్సు వచ్చింది. నల్లగొండ దవాఖానలో ఛాతీకి వైర్లు పెట్టి చూసి, గుండె తప్పుతోందన్నారు, పొటాషియం బాగా పెరిగిందన్నారు. సూదులు వేశారు. చాలలేదు. మెడ దగ్గర గొట్టం వేసి మిషన్ మీద పెట్టాలి, సంతకం చేయమన్నారు. చేశాను. ఆ మిషన్ రాకుండా చూడడమే ఇన్నాళ్ళూ నా పని. అది వచ్చిన నిమిషంలో నేను చూస్తున్నది నా చీర కుచ్చిళ్ళకు అంటుకుని ఉన్న గుడ్డు పెంకు ముక్కని. సెంటర్‌లో పిల్లలకు ఒలిచినప్పుడు అంటినట్టుంది. దాన్ని గోటితో తీసేశాను. ఏడుపు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు.

గండం తప్పిందన్నారు. మర్నాడు ఆయనకు లుంగీలు, నాకు చీర తెచ్చుకుందామని ఇంటికి వచ్చాను. పాలు విరిగి ఉంటాయని వంటింట్లోకి పోతే, మూల గట్టు మీద నేను పెట్టని గంజు ఒకటి ఉంది. పైన పళ్ళెం మూత. తీసి చూశాను. చారు. అడుగున కొంచెం మిగిలి ఉంది. నల్లటి ఆకుపచ్చ రంగు, చిక్కగా ఉంది. వేలు ముంచి నాలుక మీద వేసుకున్నాను. తోటకూర ఉడికిన నీళ్ళు. కందిపప్పు కట్టు. టమాట. ఎల్లిగడ్డ పోపు.

కట్టు అంటే మా వైపు పప్పో కూరో ఉడికించినప్పుడు తేరిన నీళ్ళు. జ్వరం వచ్చినవాళ్ళకు, బాలింతకు, ముసలివాళ్ళకు పప్పు పెట్టరు, కట్టుతో చారు కాచి పోస్తారు. బలమంతా నీళ్ళలోకి దిగుతుందని, పిప్పి గట్టివాళ్ళు తినాలని అంటారు. నా కాన్పులకు మా అత్తమ్మే కాచి పోసింది. అవును, దిగుతుంది. మేడం చెప్పింది కూడా అదే. పీచు కూరలో ఉంటుంది, మిగతాది నీళ్ళలోకి దిగిపోతుంది.

గంజులో ఉన్నది పారబోసి, కడిగి బోర్లించాను. అప్పుడే మా ఆడబిడ్డ మా అత్తమ్మను పట్టుకుని వచ్చింది. వాకిట్లోంచే ఏడుపు.

"నేను లేకపోతిని. నేనుంటే గిట్లయ్యేదా? రెండు దినాలకని చిక్కగ కాచి పెట్టిపోతిని. తాగిండా బిడ్డా? నా కొడుకు చారు తాగిండా?"

"తాగిండు," అన్నాను. "అత్తా, రోజు కాస్తుంటివా?"

"రోజు కాస్తుంటి. నువ్వు కూరల నీళ్ళుండొద్దంటివి. ఉంచలే. పిండి తీసిన. మంచినీళ్ళు, బలమంత అండ్లనే ఉండె. మన్నుల పోస్తనా? జర చింతపండేసి కాచి పోసేదాన్ని. చలికాలం వచ్చినంక తోటకూర నీళ్ళు, పప్పుకట్టు గూడ కలుపుతుంటి. గ్లాసు నిండ తాగేటోడు."

నాకు నోటిదాకా వచ్చింది. నోరు లేనిదాన్ని కాదు నేను, ఊళ్ళో అందరికీ తెలుసు. కానీ ఆమె నా మొహం సరిగ్గా చూద్దామని, మెడ తిరగదు కదా, గోడ పట్టుకుని మనిషంతా నా వైపు తిరుగుతోంది. ఆ తిరగడానికి పట్టినంతసేపు నేను చూస్తూ నిలబడ్డాను. తర్వాత, "బస్సు టైమైంది," అని సంచి తీసుకుని వచ్చేశాను.

ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మెడకు గొట్టం, దాని మీద తెల్ల పట్టీ. నిద్రపోతున్నాడనుకున్నాను, కానీ కళ్ళు తెరిచి, "ఇంటికి పోయినవా?" అన్నాడు.

"పోయిన. చారు చూసిన."

ఆయన పైకి చూస్తూ ఉన్నాడు. నేనే అడిగాను. "అది దేంతోటి కాస్తదో నీకెరుకనా?"

"ఎరుకే."

"మేడం నీ ముందటనే చెప్పింది గద."

"చెప్పింది."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను జేబులు వెతికాను, ఉప్పు డబ్బా దాచాను, సగం రొట్టె లాక్కున్నాను. ఈయన రోజూ మధ్యాహ్నం తెలిసి తాగాడు. "మరెందుకు తాగినవయ్యా?" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది, అంత మెల్లగా వచ్చింది.

"అన్ని తీసేస్తిరి," అన్నాడు. "రుచి అన్నది అదొక్కటే ఉండె. అమ్మ గ్లాసు పట్టుకొని నిలవడుతది. ఆ కాళ్ళతోటి లేసి, నా ముంగట్నే నిలవడి, తాగిందాక కదలది. వద్దని ఎట్లంట? ఒక్క గ్లాసుకు ఏమైతదిలే అనుకున్న." మళ్ళీ పైకి చూస్తూ, "ఆమెకు చెప్పకే. సచ్చిపోతది," అన్నాడు.

నేను లేచిపోయి వరండాలో నిలబడ్డాను. ఆయన మీద అసహ్యం వేసింది. నిజంగానే వేసింది, దాచుకోను. నా కష్టమంతా ఒక గ్లాసులో పోసుకుని తాగాడు కదా అనిపించింది. కాసేపటికి అది కూడా పోయింది, ఏమీ మిగల్లేదు. లోపలికి వచ్చి ఆయన లుంగీ మార్చాను.

కొన్నాళ్ళు చూసి, ఇక మిషన్ ఆపడం కుదరదని డాక్టరు చెప్పాడు. చారు సంగతి డాక్టరుకు చెప్పాను. అదొక్కటే కారణం కాదమ్మా, ఎప్పటికైనా వచ్చేదే అన్నాడు. ఇంకొన్నాళ్ళు ఆగేదేమో, ఆగకపోయేదేమో, చెప్పలేమన్నాడు. ఆ "ఏమో" దగ్గర నేను ఇప్పటికీ ఉన్నాను.

చేను కౌలుకిచ్చాం. వారానికి మూడుసార్లు పొద్దున బస్సుకు పోయి, సాయంత్రం వస్తాడు. మేడం చెప్పిన తిండి ఇప్పుడూ ఉంది, కూర ఉడికించి వంచడం ఉంది, మధ్యాహ్నం వంట కూడా నేనే పొద్దున చేసి పోతున్నాను. మిషన్ ఎక్కాక తాగే నీళ్ళు ఇంకా తగ్గించాలన్నారు. నాకు ఆ మాట దొరికింది. "అత్తా, ఇంక చారు చుక్క గూడ పొయ్యొద్దన్నడు డాక్టరు. నీళ్ళు ఒంట్లనే ఉండిపోతయట," అని చెప్పాను. అందులో అబద్ధం లేదు. ఆమె నమ్మలేదు, కానీ మానింది.

మొన్న ఎండాకాలం మొదట్లో మా వీధి ఆడవాళ్ళు నలుగురు ఆయన్ని చూడడానికి వచ్చారు. ఆయన నల్లగొండ పోయి వచ్చిన సాయంత్రం, మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేయి పుల్లలా అయింది. మా అత్తమ్మ గడప దగ్గర కాళ్ళు చాపుకుని వాళ్ళకు చెబుతోంది. నేను టీ గ్లాసులు తెచ్చి ఇస్తున్నాను.

"నా చారు తాగినన్ని దినాలు నా కొడుకు దిట్టంగుండె. కంది ఇత్తిండు, చేనుకు పోయిండు. నేను నకిరేకల్ పోయిన రెండు దినాలకే పడ్డడు. ఇప్పుడు మొత్తమే బంద్ పెట్టిన్రు. గందుకే చూడున్రి ఎట్లయిండో."

వాళ్ళలో పెద్దామె నా వైపు చూసింది. "నిజమేనా కోడలా? ముసలి పానం గంత చెప్పవట్టె. జర పొయ్యనియ్యరాదూ? నువ్వే మాన్పిచ్చినవా?"

మా ఆయన ఏదో అనబోయి తల ఎత్తాడు. నేను ఆయనకు కళ్ళతోనే వద్దని చెప్పాను. మా అత్తమ్మ గోడ పట్టుకుని మనిషంతా నా వైపు తిరుగుతోంది, నేనేం చెబుతానో చూడడానికి.

"అవును," అన్నాను. "నేనే మాన్పిచ్చిన."